ఆ గడిలో ఒక్కటే పేరు

2020 అక్టోబరులో ఒక శనివారం పొద్దున, నార్త్ డకోటా రాష్ట్రంలోని ఫార్గోలో మా డైనింగ్ టేబుల్ మీద, పోస్టులో వచ్చిన నా మొదటి అమెరికా బ్యాలెట్ పెట్టుకుని కూర్చున్నాను. అంతకు ముందు ఏడాదే పౌరసత్వం వచ్చింది. పద్దెనిమిదేళ్లకు పైగా ఈ దేశంలో పన్నులు కట్టాక చేతికి అందిన ఓటు అది. నల్ల పెన్నుతో ఒక్కో గడీ నింపుకుంటూ వస్తున్నాను. ప్రెసిడెంటు, గవర్నరు, ఆడిటరు, ట్రెజరరు... ఎవరో ఒకరిని ఎంచుకునే వీలుంది. బీమా కమిషనర్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కటే పేరు: జాన్ గాడ్‌ఫ్రెడ్. దాని కింద, కావాలంటే ఇంకెవరి పేరైనా రాసుకోమని ఒక ఖాళీ గీత.

నిజానికి ఆ బ్యాలెట్‌లో నేను బాగా ఆలోచించి వేద్దామనుకున్న ఓటు అదే. ఎందుకో చెబుతాను.

ఫార్గోలో చలికాలమంతా పేరుకున్న మంచు ఏప్రిల్ వచ్చేసరికి ఒక్కసారిగా కరుగుతుంది. నేల లోపల ఇంకా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు ఇంకవు. పైగా ఇక్కడి రెడ్ రివర్ ఉత్తరానికి పారే నది. ఇక్కడ కరిగిన నీళ్లన్నీ ఇంకా మంచు కరగని చోటికి పోవాలి. పోలేక ఊరి మీద పడతాయి. మా పక్కింటి పెద్దాయన 2009 సంగతి ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతాడు. నది 40.84 అడుగులకి వచ్చిందట, చిన్నా పెద్దా అందరూ రాత్రింబవళ్లు ఇసుక బస్తాలు నింపారట. ఇక్కడి ఇళ్లకి నేల కింద బేస్‌మెంట్ ఉంటుంది. దాని మూలన చిన్న గుంట, గుంటలో సంప్ పంప్. ఊట నీళ్లు గుంటలో చేరగానే పంపు వాటిని బయటికి తోడేస్తుంది.

2019 ఏప్రిల్లో ఒక రాత్రి కరెంటు పోయింది. పంపు ఆగిపోయింది. తెల్లారి మెట్లు దిగితే చీలమండల దాకా నీళ్లు. రెండు సోనామసూరి బస్తాలు నాని ఉబ్బి కుట్లు తెగిపోయాయి. మా అమ్మ తెనాలి నుంచి పంపిన కొండపల్లి బొమ్మల పెట్టె కింది అరలో ఉంది. పొణికి కర్ర తేలిక కదా, పెట్టె మూత ఊడి దశావతారాలు నీళ్లలో తేలుతున్నాయి. అంబారీ ఏనుగు ఎరుపు కరిగి పక్కనున్న గీత కార్మికుడి పంచెకి పట్టింది. అప్పటికి మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఒక్కో బొమ్మనీ తీసి తువ్వాలు మీద వరసగా పేర్చి హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఆరబెట్టింది. వామనుడి గొడుగు దొరకనే లేదు.

పది రోజులకి బీమా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. భూగర్భ జలం ఊరడం వల్ల జరిగిన నష్టం మా పాలసీ కిందికి రాదట. కానీ నేను సంప్ పంప్ ఆగిపోతే వర్తించే రైడర్, అంటే పాలసీకి అదనపు రక్షణ, విడిగా తీసుకుని, దానికి ఏటా అదనంగా ప్రీమియం కడుతున్నాను. ఏజెంటు ఫోన్ ఎత్తడు. కంపెనీకి చేస్తే ఒకరి నుంచి ఇంకొకరికి నాలుగు చేతులు మారింది, నాలుగో మనిషి మళ్లీ మొదటి ప్రశ్న అడిగింది. మా ఆవిడ "ఇక వదిలెయ్యండి, టెన్షన్ పడి ఆరోగ్యం పాడు చేసుకోకండి" అంది. పక్కింటి పెద్దాయన మాత్రం "బిస్మార్క్‌కి ఫోన్ చెయ్యి" అన్నాడు.

బిస్మార్క్ ఈ రాష్ట్ర రాజధాని, మాకు పడమరగా దాదాపు 200 మైళ్లు. అక్కడ రాష్ట్ర బీమా శాఖ ఉంది. ఫోన్ ఎత్తిన ఆవిడ నా మాట మధ్యలో ఆపకుండా విని, పాలసీలో ఫలానా పేజీ తెరవమంది. గోడలోంచి చెమ్మ ఊరడం వేరు, పంపు పనిచేయక గుంట పొంగడం వేరు అని ఆ రెండిటి తేడా చెప్పి, ఫిర్యాదు ఎలా రాయాలో చెప్పింది. మూడు వారాలకి కంపెనీ నష్టం లెక్కగట్టే కొత్త అడ్జస్టర్‌ని పంపింది. చివరికి చెక్కు వచ్చింది. అడిగినంతా రాలేదు గానీ, రావలసింది వచ్చింది. ఆ శాఖకి అధిపతి ఎవరని వెతికితే, ఆ మనిషిని ఎన్నుకునేది మేమేనని తెలిసింది.

మనవాళ్లలో చాలామందికి ఈ పదవి ఉందనే తెలియదు. నాకూ తెలియదు అప్పటిదాకా. అమెరికాలో బీమా కంపెనీల మీద అజమాయిషీ కేంద్రానిది కాదు. 1945లో చేసిన మెకారన్-ఫెర్గూసన్ చట్టం ఆ పనిని రాష్ట్రాలకే వదిలింది. రాష్ట్రంలో అమ్మే పాలసీల్లో ఏ మాటలు ఉండాలి, ప్రీమియం ఎంత పెంచితే న్యాయం, కంపెనీ దగ్గర క్లెయిములు తీర్చేంత డబ్బుందా లేదా, ఏజెంటుకి లైసెన్సు ఇవ్వాలా వద్దా, ఇవన్నీ చూసేది రాష్ట్ర బీమా కమిషనరే. చాలా రాష్ట్రాల్లో ఆ మనిషిని గవర్నరు నియమిస్తాడు. 11 రాష్ట్రాల్లో మాత్రం జనం ఓటేసి ఎన్నుకుంటారు. కాలిఫోర్నియా, జార్జియా, వాషింగ్టన్, నార్త్ కరోలినా లాంటి మన తెలుగువాళ్లు బాగా ఉన్న రాష్ట్రాలు అందులో ఉన్నాయి. నార్త్ డకోటా కూడా ఉంది. మా ఇంటి నుంచి పది నిమిషాలు కారు నడిపి వంతెన దాటితే మూర్‌హెడ్, అది మిన్నెసోటా. అక్కడ ఈ పని చూసే కమిషనర్‌ని గవర్నరే నియమిస్తాడు. ఒకే నది, ఒకే వరద, అటువైపు వాళ్లకి ఆ ఓటు లేదు.

మన దేశంలో అయితే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఉన్నదే హైదరాబాదులో. దేశం మొత్తం బీమా కంపెనీల లెక్కలు చూసే ఆ సంస్థ ఛైర్మన్‌ని కేంద్రమే నియమిస్తుంది. ఆ పదవికి ఎవరు తగినవాళ్లో చెప్పమని మనల్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నారనేసరికి నాకు అది పెద్ద విషయంగా అనిపించింది. తీరా బ్యాలెట్ తెరిస్తే ఎంచుకోవడానికి ఏమీ లేదు.

మరి రెండో పేరు ఏమైంది?

ఆ ఏడాది డెమొక్రాట్ల తరఫున ట్రవీషియా మార్టిన్ అనే ఆవిడ నిలబడింది. నెవాడా నుంచి బిస్మార్క్ వచ్చి స్థిరపడిన మనిషి. జూన్‌లో జరిగిన ప్రైమరీలో, అంటే పార్టీల అభ్యర్థులను తేల్చే ముందస్తు ఎన్నికలో, పార్టీ అభ్యర్థిగా తేలింది. ఆ తర్వాత రిపబ్లికన్ పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు రిక్ బెర్గ్ రాష్ట్ర సుప్రీంకోర్టుకి వెళ్లాడు. ఆయన మాజీ పార్లమెంటు సభ్యుడు కూడా. ఆయన వాదన సూటిగా ఉంది. నార్త్ డకోటా రాజ్యాంగం ప్రకారం ఈ పదవికి పోటీ చేసేవాళ్లు ఎన్నికకి ముందు ఐదేళ్ల పాటు ఈ రాష్ట్ర నివాసులై ఉండాలి, వయసు 25 నిండాలి. ఎన్నిక 2020 నవంబరులో. అంటే 2015 నవంబరు నుంచీ ఇక్కడి మనిషై ఉండాలి. కానీ ఆవిడ 2016 నవంబరు ఎన్నికలో ఓటు నెవాడాలో వేసింది. తాను 2015 నుంచే నార్త్ డకోటాలో ఉంటున్నానని ఆవిడ చెప్పుకుంది. కోర్టు ఒప్పుకోలేదు. చట్టం దృష్టిలో మనిషికి ఒకేసారి ఒకటే నివాసం. నెవాడాలో ఓటేసిన రోజున ఆవిడ నెవాడా నివాసి. కాబట్టి ఐదేళ్లు నిండలేదు, పేరు బ్యాలెట్ మీద ఉండకూడదు. 2020 ఆగస్టులో వచ్చిన తీర్పు అది. నవంబరు ఎన్నికకి మా చేతికి వచ్చిన బ్యాలెట్ మీద, అప్పటికే ఆ పదవిలో ఉన్న గాడ్‌ఫ్రెడ్ ఒక్కడే మిగిలాడు.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. కోర్టు తప్పు చేసిందని నేను అనను. చాలా రోజులు అలాగే అనుకున్నాను గానీ ఇప్పుడు అనుకోవడం లేదు. ఓటు వేయడమంటే "నా ఇల్లు ఇక్కడే" అని చెప్పడం. అక్కడ ఓటేసి, నేను ఇక్కడి మనిషినే అంటే ఏ న్యాయమూర్తి అయినా ఏం చేస్తాడు? రాజ్యాంగంలో ఐదేళ్లు అని రాసుంటే ఐదేళ్లే. దాన్ని నాలుగని చదివే అధికారం కోర్టుకి లేదు.

నా గొడవ ఆ రాతతోనే.

తెలుగువాళ్లకి ఈ లోకల్, నాన్ లోకల్ లెక్కలు కొత్త కాదు. నిజాం కాలంలో 1919లో వచ్చిన ముల్కీ నిబంధనల్లో 15 ఏళ్లు ఉంటేనే ముల్కీ, అంటే స్థానికుడు. ఆ మాట మీద 1969లో ఒక ఉద్యమం, 1972లో ఇంకో ఉద్యమం నడిచాయి. ఆ తర్వాత రాష్ట్రపతి ఉత్తర్వులు, జోన్లు, వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివావనే స్టడీ సర్టిఫికెట్లు. పిల్లాడు పదో తరగతి హైదరాబాదులో, ఇంటర్ విజయవాడలో చదివితే వాడు ఏ రాష్ట్రం వాడో తేల్చలేక తల్లిదండ్రులు కోర్టుల చుట్టూ తిరగడం మనం ఇప్పటికీ చూస్తున్నాం. ఆ నిబంధనల వెనక న్యాయమైన భయం ఉంది. బయటివాళ్లు వచ్చి ఉన్న నాలుగు ఉద్యోగాలూ పట్టుకుపోతారేమోనన్న భయం. అక్కడ పంచుకోవాల్సింది సీటు, ఉద్యోగం. ఉన్నవి కొన్నే, కాబట్టి ఎవరికి ముందు అన్న ప్రశ్న వస్తుంది. ఎన్నికలో అలా కాదు. ఎన్నికలో ఎవరికి ఇవ్వాలో తేల్చడానికే ఓటరు ఉన్నాడు. కొత్తగా వచ్చిన మనిషి నచ్చకపోతే ఓటు వేయడు, అంతే.

మా పక్కింటి పెద్దాయనతో ఈ మాట అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఐదు చలికాలాలు చూడని మనిషికి ఇక్కడి ఇళ్ల సంగతి ఏం తెలుస్తుంది?" అన్నాడు. ఆయన మాటని నేను తేలిగ్గా తీసుకోను. జూన్‌లో కురిసే వడగళ్లకి ఇంటి కప్పు ఎలా దెబ్బతింటుందో, జనవరిలో పైపు పగిలితే ఇల్లు ఎన్ని గంటల్లో పాడవుతుందో, మామూలు ఇంటి పాలసీలో వరద ఎందుకు ఉండదో తెలియని కమిషనర్ మాకు వద్దు. కానీ ఆయన్ని ఒకటి అడిగాను. 2015 నుంచి ఇక్కడే ఉన్నానని ఆవిడ చెప్పింది నిజమైతే ఆవిడ ఐదు చలికాలాలూ చూసినట్టే కదా? మరి ఏ లెక్కలో తప్పింది? చలికాలాల లెక్కలో కాదు, ఎక్కడ ఓటేసిందన్న లెక్కలో. అంటే ఆ నిబంధన పట్టుకుంటున్నది మనిషికి ఈ నేల గురించి తెలుసా లేదా అన్నదాన్ని కాదు, కాగితాలు ఎక్కడున్నాయన్నదాన్ని. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపయ్యాక, "అయినా ఓటు ఇక్కడ వేసుండాల్సింది" అన్నాడు. అదీ నిజమే.

నా కాగితాలే చూడండి. నేను 2016 ఆగస్టులో డాలస్ నుంచి ఫార్గో వచ్చాను. మా ఆవిడా పాపా స్కూలు సంవత్సరం మధ్యలో ఎందుకని మరో పది నెలలు అక్కడే ఉన్నారు. కారుకి టెక్సాస్ నంబరు ప్లేటు వచ్చే ఏడాది దాకా మార్చలేదు. డ్రైవింగ్ లైసెన్సు ఒక రాష్ట్రానిది, ఇంటి అద్దె ఒప్పందం ఇంకో రాష్ట్రానిది, బ్యాంకు ఉత్తరాలు అంతకు ముందున్న న్యూజెర్సీ అడ్రసుకి. ఐటీలో కన్సల్టింగ్ చేసినవాళ్లెవరైనా తమ జీవితంలో ఇలాంటి ఒక ఏడాది చూపిస్తారు. ఆసుపత్రుల్లో కాంట్రాక్టు మీద పనిచేసే నర్సులు, చమురు బావుల దగ్గరికి వచ్చిన కూలీలు, రాష్ట్రాలు దాటే ట్రక్కు డ్రైవర్లు, అందరి బతుకూ అంతే. పని ఎక్కడ దొరికితే అక్కడికి ముందు మనిషి వెళ్తాడు. కాగితాలు తర్వాత వెళ్తాయి. ఇలా తిరిగే మనుషులకే బీమాతో పేచీలు ఎక్కువ. ఒక రాష్ట్రంలో తీసుకున్న హెల్త్ పాలసీ ఇంకో రాష్ట్రంలో డాక్టరు దగ్గర చాలాసార్లు చెల్లదు, కారు పాలసీ మారిస్తే ప్రీమియం ఒక్కోసారి రెట్టింపు అవుతుంది. ఆ బాధ పడ్డవాళ్లు ఆ కుర్చీకి పోటీ పడటానికే వీల్లేదంటోంది ఈ నిబంధన.

ఇంకో సంగతి. నార్త్ డకోటాలో ఓటరు నమోదు అనేదే లేదు. దేశం మొత్తంలో ఇలాంటి రాష్ట్రం ఇదొక్కటే. పోలింగ్ చోటులో 30 రోజులుగా ఉంటున్నట్టు గుర్తింపు చూపిస్తే ఓటు వేయవచ్చు. ఓటు వేయడానికి 30 రోజులు చాలినప్పుడు, ఓటు అడగడానికి ఐదేళ్లు ఎందుకు? కాస్త ఎక్కువ ఉండాలంటే ఒప్పుకుంటాను. ఒక ఏడాది పెట్టండి. ఒక వసంతం, ఒక చలికాలం చూసిన మనిషి అని అనుకోవచ్చు.

అమెరికా సెనేటుకి పోటీ చేయాలంటే ఏం కావాలో చూశారా? 30 ఏళ్ల వయసు, తొమ్మిదేళ్ల పౌరసత్వం, ఎన్నికైన రోజుకి ఆ రాష్ట్ర నివాసి అయితే చాలు. ఇన్నేళ్లు ఉండాలన్న మాటే లేదు. అంటే మార్టిన్ నార్త్ డకోటా నుంచి అమెరికా సెనేటుకి పోటీ చేయవచ్చు, యుద్ధం మీదా సుప్రీంకోర్టు న్యాయమూర్తుల మీదా ఓటు వేయవచ్చు, మా సంప్ పంప్ పాలసీ మాత్రం చూడకూడదు. జార్జియాలో ఇంకా దూరం వెళ్లారు. అక్కడి రాజ్యాంగం బీమా కమిషనర్‌కి నాలుగేళ్ల నివాసంతో పాటు పదేళ్ల పౌరసత్వం అడుగుతుంది. సెనేటర్‌కి అడిగే దానికన్నా ఒక ఏడాది ఎక్కువ. అట్లాంటా చుట్టుపక్కల, కమింగ్‌లో, జాన్స్ క్రీక్‌లో, ఆల్ఫరెట్టాలో ఎంతమంది తెలుగువాళ్లున్నారో మనకి తెలుసు. గ్రీన్ కార్డు కోసం పదిహేనేళ్లు, ఆ తర్వాత పౌరసత్వానికి ఐదేళ్లు ఆగిన మనిషి ఇంకో పదేళ్లు ఆగాలి. అప్పటికి రిటైరయ్యే వయసు వస్తుంది. అక్కడ పిల్లల తరం ఎవరైనా పోటీ చేయాలేగాని, వచ్చిన తరానికి ఆ దారి దాదాపు మూసినట్టే.

ఇన్ని తలుపులు పెట్టి వడగడితే లోపలికి వచ్చినవాళ్లు ఎలాంటివాళ్లు? అదే జార్జియాలో 2018లో జిమ్ బెక్ గెలిచాడు. నివాసం, పౌరసత్వం, వయసు, ఏదీ అడ్డు రాలేదు. 2019 జనవరిలో పదవిలోకి వచ్చాడు, మే నెలలో ఆయన మీద ఫెడరల్ కేసు పడింది. అంతకు ముందు తాను పనిచేసిన బీమా సంస్థ నుంచి 20 లక్షల డాలర్లకి పైగా దొంగ బిల్లులతో కాజేశాడని 2021లో జ్యూరీ తేల్చింది. ఏడేళ్లకి పైగా జైలు శిక్ష పడింది. లూసియానాలో షెర్మన్ బెర్నార్డ్, డగ్ గ్రీన్, జిమ్ బ్రౌన్ అని వరసగా ముగ్గురు బీమా కమిషనర్లు జైలుకి వెళ్లారు. వీళ్లలో ఎవరినీ ఏ నిబంధనా బ్యాలెట్ నుంచి తీసేయలేదు. సొంత రాష్ట్రంలో సొంత ఇంట్లో ఉంటూనే చేశారు ఆ పనులు. నా పాలసీ కాగితాన్ని కాపాడాల్సిన మనిషిని ఎన్నుకునేటప్పుడు నేను అడగాల్సింది "గత ఐదేళ్లూ ఎక్కడ నిద్రపోయావు" అని కాదు. "నీకు బీమా పని తెలుసా, కంపెనీల నుంచి నీకు డబ్బు అందుతోందా" అని.

ఓక్లహోమాలో ఆ మొదటి సగం అడుగుతారు. అక్కడి చట్టం బీమా కమిషనర్‌కి ఐదేళ్ల నివాసంతో పాటు బీమా రంగంలో కనీసం ఐదేళ్ల అనుభవం ఉండాలంటుంది. నివాసం సంగతి పక్కన పెడితే ఆ రెండో షరతు నాకు నచ్చింది. అయితే అందులోనూ ఒక చిక్కుంది. బీమా రంగంలో అనుభవం అంటే చాలావరకు కంపెనీల్లో పనిచేసిన అనుభవమే. కంపెనీ మనిషే కంపెనీ మీద కాపలా ఉంటాడు. అందుకని అనుభవం అడిగితే, ఆ మనిషికి ఎవరెవరు ఎంతెంత చందా ఇచ్చారన్నది కూడా బ్యాలెట్ చేతికి రాకముందే మా ముందు పెట్టాలి. ఆ రెండూ కలిపి అడిగితేనే అర్థం ఉంటుంది.

అర్హత పేరుతో జరిగే కొట్లాటలో నివాసం ఒక్కటే ఆయుధం కాదు. మిసిసిపీలో 2007లో జరిగింది చూడండి. జార్జ్ డేల్ అక్కడ మూడు దశాబ్దాలకు పైగా బీమా కమిషనర్. డెమొక్రాట్. 2004లో జార్జ్ బుష్‌కి మద్దతు ఇచ్చాడని సొంత పార్టీ రాష్ట్ర కమిటీయే ఆయన్ని ప్రైమరీ బ్యాలెట్ మీద పెట్టనంది. ఆయన కోర్టుకి వెళ్లాడు, కోర్టు పేరు పెట్టమంది. అప్పటికి కత్రినా తుఫాను వచ్చి రెండేళ్లు. ఉప్పెన ఇళ్లని పునాదుల దాకా ఊడ్చుకుపోయింది. కంపెనీలేమో ఇల్లు కూలింది గాలికి కాదు, నీళ్లకి, నీళ్లకి పాలసీ లేదు అన్నాయి. గోడే మిగలని చోట గాలి ముందు వచ్చిందో నీళ్లు ముందు వచ్చాయో ఎవరు చెప్పాలి? మా ఇంట్లో చీలమండ లోతు నీళ్లకే నేను అంత అల్లాడితే, ఆ సముద్రం ఒడ్డు జనం పరిస్థితి ఏమిటో ఊహించుకోగలను. డేల్ కంపెనీల వైపు మెతకగా ఉన్నాడన్న కోపం జనంలో పెరిగింది. ఆగస్టు ప్రైమరీలో గ్యారీ ఆండర్సన్ చేతిలో ఓడిపోయాడు. నవంబరులో ఆ ఆండర్సన్ రిపబ్లికన్ మైక్ చేనీ చేతిలో ఓడిపోయాడు.

నాకు ఇందులో నచ్చింది ఇదే. పార్టీ కమిటీ తలుపు వేసేసి ఉంటే డేల్ "నన్ను పోటీ చేయనివ్వలేదు" అని చెప్పుకుంటూ ఇంటికి వెళ్లేవాడు. పేరు బ్యాలెట్ మీద ఉండబట్టి, తుఫానులో ఇల్లు పోయిన జనమే తీర్పు చెప్పారు. మార్టిన్ విషయంలో మాకు ఆ అవకాశం దొరకలేదు. ఆవిడకి ఓటు వేసేవాడినో లేదో నాకే తెలియదు. గాడ్‌ఫ్రెడ్ మీద నాకు ఫిర్యాదు కూడా లేదు. నా ఫోన్ ఎత్తింది ఆయన శాఖే. 2025లో దేశంలోని బీమా కమిషనర్ల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. కానీ ఎదురు మనిషి లేని ఎన్నికలో ఆయన్ని ఎవరైనా ఏమైనా అడిగారా? సంప్ పంప్ రైడర్లు అమ్మి తర్వాత ఊట అని ఎగ్గొట్టే కంపెనీల మీద ఏం చేశారని ఒక డిబేట్‌లో ప్రశ్న పడిందా? అది జరగాలనే నేను కోరుకున్నాను.

అదే 2020లో ఇదే రాష్ట్రంలో ఇంకొకటి జరిగింది. బిస్మార్క్ దగ్గర డేవిడ్ ఆండాల్ అనే ఆయన రాష్ట్ర శాసనసభకి రిపబ్లికన్ అభ్యర్థి. అక్టోబరు 5న కోవిడ్‌తో చనిపోయాడు. అప్పటికే బ్యాలెట్లు అచ్చయి జనం ఓట్లు వేయడం మొదలుపెట్టారు. నవంబరులో ఆయన గెలిచాడు. ఆ సీటు ఎవరితో నింపాలన్నదాని మీద గవర్నరు సుప్రీంకోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. చనిపోయిన మనిషి పేరు ఉండటానికీ, బతికున్న మనిషి పేరు లేకపోవడానికీ చట్టంలో కారణాలున్నాయని నాకు తెలుసు. ఓటరుగా ఆ రెండూ ఒకే ఏడాది చూడటం మాత్రం కష్టంగా అనిపించింది.

ఒక్క విషయంలో మాత్రం ఇక్కడి పద్ధతిని మెచ్చుకోవాలి. మార్టిన్ సంగతి ఏదైనా గానీ ఎన్నికకి ముందే తేల్చారు. మన వేములవాడ సంగతి గుర్తుంది కదా. చెన్నమనేని రమేశ్ అక్కడ ఎమ్మెల్యేగా 2009లో మొదటిసారి గెలిచారు. ఆయన జర్మనీ పౌరుడని, భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టే ముందు 12 నెలలు ఇక్కడ ఉండాలన్న షరతు పాటించలేదని ఆయన మీద ఓడిన ఆది శ్రీనివాస్ పోరాటం మొదలుపెట్టారు. కేంద్ర హోం శాఖ పౌరసత్వం రద్దు చేయడం, హైకోర్టు మళ్లీ చూడమనడం, ఇలా ఏళ్లు గడిచాయి. ఈలోగా రమేశ్ 2010 ఉప ఎన్నికలో, 2014లో, 2018లో కూడా గెలిచారు. తెలంగాణ హైకోర్టు చివరి మాట చెప్పింది 2024 డిసెంబరులో. ఆయన జర్మనీ పౌరుడేనంది, 30 లక్షల రూపాయలు కట్టమంది. అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కి. కానీ అప్పటికి ఆయన పదవీకాలాలన్నీ అయిపోయాయి. వేములవాడ ఓటర్లు పోగొట్టుకున్న ఆ ఏళ్లకి ఎవరు ఎంత కట్టగలరు? అర్హత ప్రశ్న ఓట్లు పడ్డాక తేలితే అది తేలినట్టు కాదు.

అయితే ఇక్కడ కూడా కాస్త ముందు తేల్చి ఉండవచ్చు. అభ్యర్థి అఫిడవిట్ మీద సంతకం పెట్టి ఇచ్చినప్పుడే, "గత ఐదేళ్లలో ఇంకే రాష్ట్రంలోనైనా ఓటు వేశారా" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. అభ్యంతరం ఉన్నవాళ్లు ప్రైమరీకి ముందే పలానా తేదీలోగా చెప్పాలని గడువు పెడితే చాలు. అప్పుడు పార్టీకి ఇంకో మనిషిని నిలబెట్టే సమయం ఉంటుంది. ప్రైమరీ అయ్యేదాకా ఆగి, పార్టీ చేతులు కట్టేశాక పిటిషన్ వేస్తే నష్టపోయేది ఆ అభ్యర్థి ఒక్కరే కాదు. ఇది రెండు పార్టీలకీ చెబుతున్నాను. ఇవాళ ఒకరికి పనికొచ్చింది రేపు ఇంకొకరికి పనికొస్తుంది. ఐదేళ్ల షరతు తీసేయాలంటే రాజ్యాంగ సవరణ కావాలి, దానికి టైం పడుతుంది. ఈ గడువు పెట్టడానికి ఒక చిన్న చట్టం చాలు. మా జిల్లా శాసనసభ్యుడికి ఈ రెండు మాటలూ ఉత్తరం రాశాను. మళ్లీ రాస్తాను.

ఆ శనివారం నేను ఆ గడి నింపలేదు. ఖాళీ గీత మీద పేరూ రాయలేదు. మిగతావన్నీ నింపి, కవరు మీద సంతకం పెట్టి, మా అమ్మాయిని తీసుకుని డ్రాప్ బాక్సు దాకా నడిచి వెళ్లాను. కవరు తనే వేసింది.

2024లో తనకి పద్దెనిమిది నిండాయి. మినియాపోలిస్‌లో కాలేజీ. సెప్టెంబరులో ఒక రాత్రి ఫోన్ చేసింది. "నాన్నా, ఇక్కడ 20 రోజులు ఉంటే చాలట, పోలింగ్ రోజున రిజిస్టర్ చేసుకోవచ్చట. ఇక్కడ వెయ్యనా, ఫార్గోకి బ్యాలెట్ తెప్పించుకోనా?"

నేను వెంటనే చెప్పలేకపోయాను. తన హాస్టల్ గది అక్కడ, స్నేహితులు అక్కడ, ఆ ఊరి బస్సులూ అద్దెలూ తనకి తెలుసు. ఇక్కడ తన గది, బేస్‌మెంట్ మెట్ల పక్కన అద్దాల అరలో రంగు వెలిసిన దశావతారాలు.

"చదువయ్యాక ఎక్కడుంటావు?" అని అడిగాను.

"ఇప్పుడే ఎలా చెప్తాను నాన్నా?"

"ఎప్పటికైనా ఇక్కడ దేనికైనా నిలబడాలనుకుంటావా?"

కాసేపు మాట్లాడలేదు. "ఏమో, అనుకోవచ్చు" అంది.

అప్పుడు తనకి మార్టిన్ సంగతి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.